కాకినాడలో 3 రోజుల బొమ్మల ప్రదర్శన: ఉప్పుగాలికి కాగితం ఉబ్బకుండా, బొమ్మలు రాలకుండా ఎలా?

కుంచె_కాకినాడ
ఊళ్ళో బొమ్మలేసేవాళ్ళం కలిసి 3 రోజుల ప్రదర్శన పెడుతున్నాం. మొత్తం 60 బొమ్మలు, సగం నీటిరంగులు, మిగతావి ఆయిల్, ఆక్రిలిక్. హాలు సముద్రానికి కిలోమీటరు లోపే ఉంటుంది. గోడకి మేకు కొట్టనివ్వరు. కిందటిసారి డబుల్ టేపుతో పెడితే రెండో రోజుకే సగం కిందికొచ్చేశాయి. ఫ్రేముల్లో నీటిరంగు కాగితాలు అలలు తేలాయి. కొన్నిటికి గోధుమరంగు మచ్చలు కూడా పడ్డాయి. ఈసారి కార్తీకంలో, నవంబరు మధ్యలో పెడదామంటున్నారు. కొన్నిటిని బీచి దగ్గర ఆరుబయట పెట్టాలని ఒకరి పట్టుదల. పక్కనే గుడ్డ మీద అచ్చులు కొట్టే పెడన అద్దకంవాళ్ళని, ఏటికొప్పాక లక్కబొమ్మలవాళ్ళని కూర్చోబెట్టే ఆలోచన కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పుగాలి
ముందు తేదీ మార్చండి. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటివారం దాకా తుపాన్ల కాలం. విశాఖకి హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. తుపాను రాకపోయినా వాయుగుండం ఒక్కటి చాలు, మూడు రోజులు ముసురు పట్టి జనం గడప దాటరు.

లెక్కలమ్మాయి
డబ్బు వైపు నుంచి కూడా నవంబరు తప్పే. కార్తీకంలో పెళ్ళి ముహూర్తాలుంటాయి, మండపం అద్దె పూర్తిగా కట్టాల్సిందే. ధనుర్మాసం చూడండి. డిసెంబరు 16 ప్రాంతం నుంచి భోగి దాకా పెళ్ళిళ్ళుండవు, హాళ్ళు ఖాళీ, బేరం కుదురుతుంది. క్రిస్మస్ సెలవులకి పిల్లలు ఇంటి దగ్గరుంటారు. హైదరాబాదు, అమెరికా చుట్టాలు దిగేదీ అప్పుడే. కొనేది కూడా ఎక్కువగా వాళ్ళే.

భానుగుడి_సెంటర్
ధనుర్మాసంలో పులిహోర ప్రసాదం వాసన పడితే బొమ్మల దగ్గర ఎవరూ నిలబడరు, ఆయ్.

చట్రం_మేస్త్రి
టేపు సంగతి. టేపు ఊడలేదండి, డిస్టెంపరు ఊడింది. సున్నం, డిస్టెంపరు గోడల మీద పైపొర పొడిపొడిగా ఉంటుంది. టేపు ఆ పొడిని పట్టుకుంటుంది గానీ గోడని పట్టుకోదు. చెమ్మకి ఆ పొర ఇంకా తేలిగ్గా వచ్చేస్తుంది. ఎంత ఖరీదు టేపైనా అంతే. గోడ మాట మర్చిపోయి సొంత పలకలు నిలబెట్టుకోండి.

12 ఎంఎం ప్లైవుడ్, 8×4 షీటు. ఒక్కోటి 22 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు ఎత్తగలరు. 6 ఎంఎం తేలిక గానీ చెమ్మకి వంకర తిరుగుతుంది, స్క్రూ ఆగదు. షీటుని అడ్డంగా, 8 అడుగులు పొడుగు వచ్చేలా, నేల నుంచి 2 అడుగుల 9 అంగుళాల ఎత్తున కాళ్ళకి బిగించండి. అప్పుడు పలక నడుమ సరిగ్గా 57 అంగుళాల దగ్గరికి వస్తుంది. బొమ్మ మధ్యభాగం ఉండాల్సిన ఎత్తు అదే, వేరే కొలత పెట్టక్కర్లేదు. 20 అంగుళాల వెడల్పు ఫ్రేములు మూడు, నాలుగు ఖాళీలు ఒక్కోటి 9 అంగుళాలు, మొత్తం 96. రెండు వైపులా కలిపి ఒక పలకకి ఆరు బొమ్మలు.

పలకల్ని వరసగా నిలబెట్టకండి. ఒకదానికొకటి బందులు వేసి వంకరటింకరగా తిప్పితే వాటికవే నిలబడతాయి. వరసలో పెడితే ఒక పిల్లాడు ఆనుకున్నా పోతాయి.

రేవు_పిల్లోడు
అంటే 60 బొమ్మలకి 10 పలకలు. హాలులో పడతాయా?

చట్రం_మేస్త్రి
పడతాయి, మనుషులు పట్టరు. పలకల మధ్య కనీసం 6 అడుగుల దారి కావాలి, చక్రాల కుర్చీ కూడా తిరగాలి కదా. 60 వద్దు. 42 చాలు, 7 పలకలు.

కుంచె_కాకినాడ
18 తీసేయమంటే 18 మంది నాతో మాట్లాడ్డం మానేస్తారు.

విశాఖ_గోడ
మనిషికి ఇన్ని అని ముందే కోటా పెట్టండి. కొలత కూడా ముందే చెప్పాలి, ఫ్రేముతో కలిపి 20×26 అంగుళాలు దాటకూడదని. ఆ మాట రాసి ఇవ్వకపోతే ప్రారంభం రోజు పొద్దున ఒకాయన ఆరడుగుల కాన్వాసుతో ఆటో దిగుతాడు. ప్రతి ఊళ్ళోనూ ఒకాయన ఉంటాడు.

గోదారొడ్డు
మేస్త్రి చెప్పిన 57 అంగుళాలు మ్యూజియం లెక్క. మన దగ్గర బడి పిల్లలు ఎక్కువ వస్తారు, 54కి దించండి.

చట్రం_మేస్త్రి
దించితే పెద్దవాళ్ళు వంగాలి. పిల్లల బొమ్మలకి వేరే పలక, 48 దగ్గర పెట్టండి. మిగతావి 57.

కొక్కెం ఎత్తుకి లెక్క: 57 + ఫ్రేము ఎత్తులో సగం, అందులోంచి వెనక తీగ ఎంత కిందికి సాగుతుందో అది తీసెయ్యాలి. 24 అంగుళాల ఫ్రేము, తీగ సాగుదల 3 అంగుళాలైతే 57+12−3 = 66. ప్రతి ఫ్రేముకీ తీగ లాగి కొలవండి, కళ్ళతో అంచనా కట్టకండి. వీలుంటే తీగే వద్దు, రెండు రింగులు రెండు కొక్కేలకి తగిలించండి. ఒకే కొక్కెం మీద వేలాడేది ఫ్యాను గాలికే పక్కకి ఒరుగుతుంది.

రేవు_పిల్లోడు
రేవులో దొరికే నైలాను వలతాడు చాలదా? చేపనే పట్టుకుంటుంది, బొమ్మని పట్టదా?

చట్రం_మేస్త్రి
చేప ఐదు నిమిషాలు వేలాడుతుంది, బొమ్మ మూడు రోజులు. నైలాను బరువుకి మెల్లగా సాగుతుంది, నున్నగా ఉంటుంది కాబట్టి ముడి జారుతుంది. మామూలు బైండింగు వైరు తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తీగ, ఇత్తడి రింగులు తీసుకోండి. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్. ఇనపవైతే ఈ గాలికి తుప్పుచార ఫ్రేము వెనక నుంచి కాగితం మీదికి దిగుతుంది.

కాగితం_డాక్టరు
అసలు జబ్బు కాగితానిది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

కాగితం చెమ్మ పీల్చి పెరుగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. నాలుగు అంచులూ అట్టకి అంటించేస్తే పెరిగిన కాగితానికి పోయేచోటు లేక మధ్యలో అలలు లేస్తాయి. తప్పు కాగితానిది కాదు, జిగురుది. పై అంచున మాత్రమే, రెండు చోట్ల, పల్చటి చేతితయారీ కాగితంతో బిళ్ళల్లాగా అతికించి వేలాడదీయాలి. మిగతా మూడు వైపులా వదిలెయ్యాలి. పైన మధ్యలో కిటికీలా కోసిన మౌంటు అట్ట దాన్ని కప్పి పెడుతుంది.

అద్దం కాగితానికి తగలకూడదు. మౌంటు అట్ట మందం ఒకటిన్నర ఎంఎం ఉంటుంది, మన తీరంలో అది చాలదు. 3 నుంచి 5 ఎంఎం ఎడం ఉండేలా ఫ్రేము గాడిలో పుల్ల పెట్టించండి. అద్దం లోపల చెమ్మ పేరుకున్నప్పుడు తగిలి ఉన్న రంగు అద్దానికి అంటుకుపోతుంది. అలా అంటుకున్నదాన్ని లాగితే బొమ్మ పోయినట్టే.

వెనక వేసే అట్ట పెట్టెల అట్ట కాకూడదు. అది ఆమ్లం వదులుతుంది, చెమ్మ పీలుస్తుంది. ఫ్రేము కింది రెండు మూలలకి రబ్బరు బొడిపెలు అంటించండి, వెనక గాలి ఆడాలి.

గోదారొడ్డు
బిళ్ళలకి మైదా జిగురు, అందులో బైండింగువాళ్ళు కలిపినట్టు మైలుతుత్తం. పురుగు పట్టదు.

కాగితం_డాక్టరు
పురుగు పట్టదు, నిజమే. రాగి ఉప్పు కాగితాన్ని మెల్లగా తినేస్తుంది, అదీ నిజమే. లెక్కల పుస్తకానికి పర్లేదు, బొమ్మకి వద్దు. గోధుమ గంజిపిండి పల్చగా ఉడికించి, ఏ రోజుది ఆ రోజు వాడి మిగిలింది పారబోయండి. సెల్లోటేపు ఊసే ఎత్తకండి.

ఉప్పుగాలి
గోధుమరంగు మచ్చల మాటేంటి? ఫ్రేము వెనక సిలికా జెల్ సంచి పెట్టమని చాలామంది చెబుతారు.

కాగితం_డాక్టరు
పెట్టినవాళ్ళకి మనశ్శాంతి, అంతే. సిలికా జెల్ తన బరువులో నాలుగోవంతు అటూఇటూగా నీరు పీలుస్తుంది. 10 గ్రాముల సంచి అంటే రెండున్నర గ్రాములు. గాలి చొరబడే ఫ్రేములో అది కొన్నాళ్ళకే నిండిపోయి ఊరికే కూర్చుంటుంది. బిగుతు మూత ఉన్న పెట్టెలో దాచేటప్పుడు మాత్రం పనికొస్తుంది. రంగు మారగానే 110–120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు.

మచ్చలు చాలావరకు బూజు పనే. గాలిలో తేమ 65–70 శాతం దాటి నిలిచిపోతే బూజు లేస్తుంది. మన తీరంలో రాత్రిపూట ఇంకా ఎక్కువే ఉంటుంది. బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి, లోపలికి రుద్దినట్టవుతుంది. ఫ్రేము విప్పి, ఏసీ గదిలో రెండు రోజులు ఆరనిచ్చి, తర్వాత ఆరుబయట మూతికి మాస్కు కట్టుకుని మెత్తటి కుంచెతో దులపండి. మచ్చ మిగులుతుంది, బూజు పోతుంది.

దీపాలపని
హాలు ఏసీదా?

కుంచె_కాకినాడ
ఏసీనే. రాత్రి 9కి కట్టేస్తారు.

కాగితం_డాక్టరు
అదే మీ అలలకి రెండో కారణం. పగలు ఏసీ గాలికి కాగితం ఆరి బిగుసుకుంటుంది, రాత్రి చెమ్మకి సాగుతుంది. మూడు రోజుల్లో మూడుసార్లు. ఏసీ వేస్తే రాత్రంతా 27 దగ్గర ఉంచండి. కరెంటు బిల్లు భరించలేమంటే అసలు వెయ్యకుండా ఫ్యాన్లు తిప్పండి, డిసెంబరే కదా. సగం సగం మాత్రం వద్దు.

లెక్కలమ్మాయి
అయితే ఫ్యాన్లు. రాత్రి ఏసీకి హాలువాళ్ళు విడిగా వసూలు చేస్తారు.

దీపాలపని
షామియానావాళ్ళు తెచ్చే 500 వాట్ల హాలోజన్లు తీసుకోకండి. పది పెడితే 5 కిలోవాట్లు, వేడి వేరే. ఒక్కో బొమ్మకి 9 వాట్ల ఎల్‌ఈడీ స్పాటు చాలు. 42 బొమ్మలకి 378 వాట్లు, కరెంటు పోతే చిన్న జనరేటరు మోస్తుంది. డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 పైన ఉందో లేదో చూసి కొనండి. 80 లోపువి పెడితే ఎరుపులు చచ్చిపోతాయి, చర్మపు రంగు పాలిపోతుంది. వెలుగు రంగు 4000 కెల్విన్‌ది తీసుకోండి. 6500 తెల్లదీపం కింద అన్నీ ఆసుపత్రి బొమ్మల్లా ఉంటాయి.

దీపం 10 అడుగుల ఎత్తున ఉంటే పలకకి 3 అడుగుల దూరంలో కట్టండి. నిలువుకి 30 డిగ్రీల వాలు వస్తుంది. ఇంకా దగ్గరైతే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, దూరమైతే చూసేవాడి తలకాయ నీడ పడుతుంది. అద్దం ఉన్న బొమ్మలకి ఎదురుగా కిటికీ లేకుండా చూసుకోండి. ఉంటే నల్లపరదా.

భానుగుడి_సెంటర్
తలకాయ నీడ పడేది ముఖ్య అతిథిది. దీపం ఎక్కడ కట్టినా పడుద్ది.

విశాఖ_గోడ
నవ్వులాట కాదు, ముఖ్య అతిథి వల్ల ప్రదర్శనకి మొదటి రోజు పోతుంది. 10కి రిబ్బను అని వేస్తే ఒంటిగంటకి వస్తారు, అప్పటిదాకా బొమ్మల్ని చూడనివ్వరు. తలుపులు పొద్దున 10కే తెరిచెయ్యండి, సభ మాత్రం సాయంత్రం 6కి. కుర్చీలు, శాలువాలు, మైకు హాలు బయట. పలకల మధ్య సభ పెడితే వెనక వరసవాళ్ళు పలకలకే చేరబడతారు.

రేవు_పిల్లోడు
అద్దం బదులు ఆక్రిలిక్ షీటు వేస్తే? మోయడం తేలిక కదా.

చట్రం_మేస్త్రి
2 ఎంఎం అద్దం చదరపు మీటరుకి 5 కిలోలు, అదే మందం ఆక్రిలిక్ రెండున్నర లోపు. పగలదు. గీతలు పడతాయి, పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. బొగ్గు, పేస్టల్ బొమ్మలకి మాత్రం అస్సలు వద్దు. ఆక్రిలిక్‌కి పుట్టే స్థిరవిద్యుత్తు పొడిరంగుని కాగితం మీంచి లాగేసుకుంటుంది.

ఉప్పుగాలి
బీచి పట్టుదలాయన సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

దీపాలపని
లెక్క చెబితే ఆయనే మానుకుంటారు. గంటకి 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకి సుమారు 6 కిలోల బరువుతో తోస్తుంది. 8×4 పలక దాదాపు 3 చదరపు మీటర్లు, అంటే 18 కిలోలు, అదీ మనిషి నడుముకి పైన. మధ్యాహ్నం సముద్రపు గాలి విసురు అంతకి చేరడం పెద్ద విశేషం కాదు. ఒక్కో కాలికి 25 కిలోల ఇసక బస్తా, వెనక వాలుకర్ర కావాలి. పైగా ఉప్పుతుంపర వార్నీషు మీద తెల్లపొరగా ఎండుతుంది.

విశాఖ_గోడ
బీచిలో అసలు బొమ్మలు వద్దు, ఫ్లెక్సు మీద అచ్చేసిన నకళ్ళు పెట్టండి. ఫ్లెక్సుకి గాలి పోయేలా చిల్లులు కొట్టించండి, లేకపోతే తెరచాప అవుతుంది. కింద హాలుకి దారి రాయండి. అది ప్రచారం కూడా.

గోదారొడ్డు
బయట ఏదో ఒకటి కావాలంటే ముగ్గుల పోటీ. నెలగంట పెట్టాక ఎలాగూ అందరి చేతులూ తిరుగుతుంటాయి. హాలు ఆవరణలో 4×4 అడుగుల గళ్ళు సుద్దతో గీయండి, గంట సమయం. పొద్దున 7కే మొదలుపెట్టాలి, 9 దాటితే గాలి లేచి రంగుపొడి పక్క గడిలో ఉంటుంది. హాలు తలుపులు అప్పుడు మూసుంచండి, ఆ పొడి ఆయిల్ బొమ్మల మీద పడితే పోదు.

లెక్కలమ్మాయి
పిల్లల బొమ్మల పోటీ కూడా అడుగుతారు. కాగితాలు మీరే ఇవ్వండి, వెనక ముద్ర, నంబరు వేసి. పేరు చీటీ మీద, చీటీ కవరులో. ముద్ర లేకపోతే ఇంటి దగ్గర నాన్న గీసింది వస్తుంది. తల్లిదండ్రులు తాడు అవతల నిలబడాలి.

భానుగుడి_సెంటర్
తాడు అవతల నుంచే "ఆకాశం నీలం వెయ్యరా!" అని అరుస్తారు.

అద్దకం_పెడన
అద్దకం బల్ల గురించి. పూర్తి కలంకారీ మూడు రోజుల్లో చూపించలేరు, ఉడికించడం, పారే నీళ్ళలో జాడించడం, ఎండబెట్టడం హాలులో కుదరవు. ఒక్క నలుపు అద్దకం పెట్టుకోండి. గంజి తీసేసిన నూలుగుడ్డని కరక్కాయ నీళ్ళు, గేదెపాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెట్టి ముందే తెచ్చుకోవాలి. గుడ్డ లేతపసుపు తిరుగుతుంది. పాలలో కొవ్వు రంగుని పాకనివ్వదు. తుప్పినుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన కసీం కనీసం రెండు వారాల ముందు వేసుకోవాలి. అచ్చు కసీంలో అద్ది గుడ్డ మీద కొడితే కళ్ళముందే నల్లబడుతుంది. కరక్కాయలో వగరు, ఇనుము కలిసి అలా అవుతుంది. వచ్చినవాళ్ళు నోరు తెరిచేది అక్కడే.

పటిక అచ్చు జోలికి పోకండి. ఎరుపు ఉడికించాకే తేలుతుంది, అప్పటిదాకా గుడ్డ మీద ఏమీ కనిపించదు, మోసం అనుకుంటారు.

తప్పులు రెండు జరుగుతాయి. అచ్చుకి రంగు ఎక్కువైతే అంచులు ముద్దకడతాయి, కాబట్టి రంగు తొట్టెలో గోనె, పైన గుడ్డ మెత్తగా పరిచి దాని మీద అచ్చు నొక్కాలి. రెండోది, బల్ల గట్టిది ఉండకూడదు. నాలుగు మడతల దుప్పటి పరిస్తేనే అచ్చు మొత్తం తగులుతుంది. రుమాలు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళకి మర్నాటిదాకా తడపొద్దని చెప్పండి. కసీం మరీ చిక్కగా ఉంటే కొన్నేళ్ళకి నల్లగీత ఉన్నచోటే గుడ్డ చిరుగుతుంది, పల్చగానే ఉంచండి.

కుంచె_కాకినాడ
ఇది బంగారం. ఏటికొప్పాకవాళ్ళకి ఏం కావాలి?

విశాఖ_గోడ
తరిణకి, అంటే కర్రని తిప్పుతూ చెక్కే యంత్రానికి, మోటారు ఉంటే విడిగా 15 ఆంపుల పాయింటు. దీపాల లైను మీద కలపొద్దు, మోటారు ఎత్తుకున్నప్పుడల్లా దీపాలు మినుకుతాయి. అంకుడు కర్ర పొట్టు, దుమ్ము లేస్తుంది, నీటిరంగులకి దూరంగా గుమ్మం పక్కన కూర్చోబెట్టండి. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, తర్వాత మొగలాకుతో నునుపు చేస్తారు. జనం నిలబడి చూస్తారు, చుట్టూ 5 అడుగుల తాడు. అమ్మే బొమ్మల్ని కిటికీ ఎండలో పెట్టొద్దు, ఆకులూ గింజల రంగులు వెలుస్తాయి, వేడికి లక్క మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి.

లెక్కలమ్మాయి
డబ్బు మాట. బొమ్మ తీసుకునేటప్పుడే అప్పగింత చీటీ రెండు ప్రతులు రాయండి. పేరు, కొలత, ఏ రంగు, ధర, ముందే ఉన్న గీతలు, ఫోనులో ముందూవెనకా ఫొటో. అమ్మకంలో ఎంత శాతం సంఘానికో అందులోనే ఉండాలి, 20 అనుకోండి. అమ్మిన బొమ్మ చివరి రోజు సాయంత్రం దాకా పలక మీదే ఉంటుందనీ రాయండి.

గోదారొడ్డు
ధర బొమ్మ పక్కన రాయొద్దు, జనం బొమ్మని వదిలేసి అంకె చదువుతారు. బల్ల దగ్గర జాబితా పెట్టండి.

లెక్కలమ్మాయి
ఒప్పుకోను. మన ఊళ్ళో బల్ల దగ్గరికొచ్చి ధర అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. చిన్న అక్షరాల్లో పక్కనే రాయండి. అమ్మితే ఎర్రచుక్క.

గోదారొడ్డు
సరే, రాయండి. చీటీ మాత్రం తెలుగులో ఉండాలి, 16 పాయింటుకి తగ్గకుండా. రాజమండ్రి దామెర్ల రామారావు గ్యాలరీ ఓసారి చూసి రండి. 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయినాయన బొమ్మల్ని ఇవాళ్టికీ వెళ్ళి చూడగలుగుతున్నామంటే ఎవరో ఒకరు దాచారు కాబట్టే. మీరూ ప్రతి బొమ్మకీ జాబితా, ఫొటో దాచండి.

కుంచె_కాకినాడ
తేదీ డిసెంబరు చివరి వారానికి మార్చాం. 42 బొమ్మలు, 7 పలకలు, ఫ్యాన్లు, బీచిలో ఫ్లెక్సులే. నీటిరంగుల ఫ్రేములన్నీ విప్పించి పై అంచు బిళ్ళలు వేయిస్తున్నాం. ఒక్కటే మిగిలింది. తిరిగి ఇచ్చేటప్పుడు బబుల్ షీటు చుట్టేస్తే చాలా?

చట్రం_మేస్త్రి
నేరుగా చుట్టొద్దు. మన వేడికి, చెమ్మకి వార్నీషు మీద బుడగల గుండ్రాలు అచ్చు పడతాయి. ఆక్రిలిక్ రంగైతే ఇంకా మెత్తన, షీటే అంటుకుంటుంది. ముందు బటర్ పేపరు, దాని మీద బబుల్ షీటు, బుడగలు బయటికి. రెండు బొమ్మలు మొహం మొహం పెట్టకండి, వీపు వీపు. ఇంటికెళ్ళగానే విప్పమని చెప్పండి, ప్లాస్టిక్‌లో చుట్టి అటక మీద పెడితే సంక్రాంతి వెళ్ళేలోపు బూజే.

రేవు_పిల్లోడు
పలకలు మొయ్యడానికి రేవు నుంచి నలుగురం వస్తాం. వలతాడు తేం.